కార్బన్ ఒప్పందాలకు బహిరంగ లెక్క ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పరిశ్రమల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, వస్తువులుగా మార్చడానికో, భూగర్భంలో నిల్వ చేయడానికో రానున్న అయిదేళ్ళలో 20,000 కోట్ల రూపాయలు వెచ్చిస్తామని 2026-27 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. విద్యుత్తు, ఉక్కు, సిమెంటు, చమురు శుద్ధి, రసాయనాలు అనే అయిదు రంగాలకు ఈ సొమ్మును ఉద్దేశించారు. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపి చూస్తే ఈ అయిదు రంగాలూ ఇక్కడ ఉన్నాయి కాబట్టి, ఇకమీదట ఫలానా సంస్థతో ఫలానా సంస్థ చేతులు కలిపిందన్న వార్తలు మీ వాణిజ్య పుటలో తరచుగా కనిపిస్తాయి. ఎరువుల కర్మాగారాల్లో అమ్మోనియా విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపి విరమించిన ఇంజినీరును నేను. ఆ వార్తలు చదివే పాఠకులకూ, ఆ ఒప్పందాల మీద సంతకాలు చేసే అధికారులకూ కొన్ని విషయాలు విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. నిడివి ఎక్కువైనా ప్రచురించగలరని మనవి.

కార్బన్ డయాక్సైడ్‌ను పట్టడం మన పరిశ్రమకు ఎప్పటి నుంచో తెలిసిన పని. సహజవాయువు నుంచి అమ్మోనియా చేసే ప్రతి కర్మాగారంలోనూ హైడ్రోజన్‌తో పాటు ఇదీ పుడుతుంది. దీన్ని తొలగించకపోతే తర్వాతి దశలోని ఉత్ప్రేరకం పాడైపోతుంది. అందుకని ఎత్తయిన అబ్జార్బర్ టవర్‌లో కింది నుంచి వాయువును పంపుతూ, పై నుంచి పొటాషియం కార్బొనేట్ ద్రావణాన్నో, ఎమైన్ (అమ్మోనియా జాతి రసాయనం) ద్రావణాన్నో జల్లుతారు. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకున్న ద్రావణం పక్కనున్న రెండో టవర్‌లోకి వెళ్ళి, ఆవిరి వేడికి దాన్ని వదిలేసి, మళ్ళీ మొదటి టవర్‌కు చేరుకుంటుంది. షిఫ్టులో ఉన్నవారి కళ్ళు ఎప్పుడూ ఆ రెండు టవర్ల మీదే ఉండేవి. ద్రావణంలో కాస్త నూనో, తుప్పు రేణువులో చేరితే చాలు, టవర్ లోపల నురగ లేచి, పీడనంలో తేడాను చూపే ముల్లు ఉన్నట్టుండి పైకి ఎగబాకేది. నురగ విరిచే మందు వేసి, లోడు తగ్గించి, ఫిల్టర్ మార్చి దాన్ని దారికి తెచ్చేసరికి షిఫ్టు కాస్తా అయిపోయేది. ఇంత శ్రమపడి విడదీసిన వాయువు దాదాపు స్వచ్ఛంగా ఉంటుంది. అమ్మోనియాతో కలిపితే యూరియా అవుతుంది. కానీ యూరియా విభాగం ఏ కారణం చేతనైనా ఆగిందంటే, ఆ వాయువునంతటినీ వెంట్ గొట్టం గుండా గాలిలోకి వదిలేయడం తప్ప మరో మార్గం ఉండేది కాదు. వాడుకునేవారు పక్కన లేకపోతే పట్టిన కార్బన్ మళ్ళీ ఆకాశానికే పోతుంది. రెండు పరిశ్రమల మధ్య సహకారం ఎందుకు కావాలో ఇంతకంటే వివరించనక్కరలేదు.

పొగగొట్టంలోంచి పట్టడం దీనికన్నా కష్టం. అక్కడ పీడనం ఉండదు, కార్బన్ డయాక్సైడ్ పలచగా ఉంటుంది, పైగా ఆక్సిజన్ ద్రావణాన్ని కుళ్ళబెడుతుంది. అయినా అదీ మన దగ్గరే జరిగింది. కాకినాడలోని నాగార్జున ఎరువుల కర్మాగారంలో రిఫార్మర్ (సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసే) కొలిమి పొగ నుంచి రోజుకు 450 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ప్లాంటును 2009లో ప్రారంభించారు. ఉత్తరప్రదేశ్‌లోని ఆంవ్లా, ఫూల్‌పూర్ ఇఫ్కో కర్మాగారాల్లో అదే సామర్థ్యం గల ప్లాంట్లు 2006లోనే వచ్చాయి. సహజవాయువుతో చేసిన అమ్మోనియానంతటినీ యూరియాగా మార్చాలంటే ఆ ప్రక్రియలో పుట్టే కార్బన్ డయాక్సైడ్ కాస్త చాలదు. ఆ కొరత తీర్చుకోవడానికే వీటిని కట్టారు తప్ప పర్యావరణం పేరు చెప్పి కాదు. వీటిలో వాడిన ద్రావణాన్ని జపాన్‌లో ఒక విద్యుత్ సంస్థ, ఒక యంత్ర నిర్మాణ సంస్థ, అంటే కాన్సాయ్ ఎలక్ట్రిక్ పవర్, మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్, ఏళ్ళ తరబడి కలిసి పరిశోధించి తయారుచేశాయి. దాన్ని వాణిజ్య స్థాయిలో తొలిసారి 1999లో మలేషియాలోని ఒక ఎరువుల కర్మాగారంలో వాడారు. పొగ ఉన్నవారు, యంత్రం చేయగలవారు, సరుకు కావలసినవారు ముగ్గురూ కలిశారు కాబట్టే ఆ ద్రావణం ప్రయోగశాల దాటి కాకినాడ దాకా వచ్చింది. ఇవాళ కార్బన్ సహకారం గురించి మాట్లాడే చాలామందికి మన తీరంలో ఇలాంటి ప్లాంటు కట్టారన్న సంగతే తెలియదు. అక్కడ పనిచేసిన ఆపరేటర్ల అనుభవాన్ని ఇప్పటి పరిశోధకులు కూర్చుని వినవలసిన అవసరం ఎంతైనా ఉంది.

తూత్తుకుడిలో 2016 నుంచి నడిచిన ఉదాహరణ కూడా ఇలాంటిదే. అక్కడి ఆల్కలీ రసాయనాల కర్మాగారం, ఐఐటీ ఖరగ్‌పూర్ పూర్వ విద్యార్థులు స్థాపించిన కార్బన్ క్లీన్ అనే సంస్థతో కలిసి, తన బొగ్గు బాయిలర్ పొగ నుంచి ఏటా 60,000 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి సోడా యాష్ (గాజు, డిటర్జెంట్లకు వాడే రసాయనం) తయారీలో వాడుకునే ఏర్పాటు చేసుకుంది. ప్రభుత్వ రాయితీ లేకుండానే అది సాధ్యపడింది. కారణం ఒక్కటే: ఆ వాయువు అవసరం గేటు లోపలే ఉంది.

వీటి పక్కన ఎన్టీపీసీ వింధ్యాచల్ ప్రయోగాన్ని పెట్టి చూద్దాం. మధ్యప్రదేశ్‌లోని ఆ కేంద్రంలో రోజుకు 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, నీటి నుంచి తీసిన హైడ్రోజన్‌తో కలిపి, రోజుకు 10 టన్నుల మిథనాల్ అనే ద్రవ ఇంధనం చేసే ప్లాంటు కట్టారు. బొగ్గు కేంద్రం పొగ నుంచి ఇలా మిథనాల్ తీయడం ఇంజినీరింగ్ పరంగా గర్వించదగిన విజయం. ఆ ఇంజినీర్లను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. అయితే వింధ్యాచల్ సామర్థ్యం 4,760 మెగావాట్లు. యూనిట్‌కు ఇంచుమించు కిలో చొప్పున లెక్కవేస్తే, పూర్తి సామర్థ్యంతో నడిచే రోజున ఆ కేంద్రం వదిలే కార్బన్ డయాక్సైడ్ లక్ష టన్నుల పైమాటే. అందులో పట్టింది అయిదు వేలవ వంతు కూడా లేదు. ప్రయోగాన్ని ప్రయోగంగానే చెప్పుకోవాలి. దాని ఛాయాచిత్రాన్ని చూపించి బొగ్గు సమస్య తీరిపోయిందన్న భావన కలిగించడం మాత్రం ప్రజలను తప్పుదారి పట్టించడమే.

అసలు చిక్కు పట్టడంలో కన్నా మార్చడంలో ఎక్కువగా ఉంది. కార్బన్ డయాక్సైడ్ అంటే ఇంధనం మండిపోయాక మిగిలేది, శక్తిని ఇచ్చేసిన పదార్థం. దాన్ని మళ్ళీ ఇంధనంగా చేయాలంటే ఆ శక్తిని ఎక్కడి నుంచో తెచ్చి పోయాలి, నష్టాలతో కలిపి ఇంకా ఎక్కువే పోయాలి. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను మిథనాల్‌గా మార్చడానికి దాదాపు 136 కిలోల హైడ్రోజన్ కావాలి. నీటిని విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. అంటే ఒక్క టన్ను కార్బన్‌ వాయువుకు సుమారు 7,000 యూనిట్లు. ఆ కరెంటును బొగ్గు నుంచే తీస్తే దాదాపు 7 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కొత్తగా గాలిలో కలుస్తుంది. దేశం మొత్తం మీద సగటు గ్రిడ్ కరెంటు వాడినా 5 టన్నులు తప్పవు. ఒకటి పట్టడానికి అయిదు వదలడం ఎవరికి మేలు? అందువల్ల ఇలాంటి ఏ ఒప్పందంలోనైనా హైడ్రోజన్‌కు కరెంటు ఎక్కడిదన్నది మొట్టమొదటి ప్రశ్న కావాలి. ఏడాది మొత్తానికి ఎక్కడో కొన్న సౌర విద్యుత్తును చూపించి, రాత్రిపూట గ్రిడ్ మీద నడిపితే లెక్క కాగితం మీదే కుదురుతుంది.

తెలంగాణలో సింగరేణి సంస్థ మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని తన 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రంలో కార్బన్ డయాక్సైడ్ నుంచి మిథనాల్ తీసే చిన్న ప్రయోగానికి పూనుకుంది. రోజుకు ఉత్పత్తి కిలోల లెక్కలోనే ఉండే ప్రయోగం అది. చిన్నదన్న చిన్నచూపు నాకు లేదు. ఉత్ప్రేరకం మన బొగ్గు పొగకు ఎన్నాళ్ళు తట్టుకుంటుందో చిన్న ప్లాంటులోనే తెలుసుకోవాలి. సింగరేణికి సొంత సౌర విద్యుత్ కేంద్రాలున్నాయి కాబట్టి, హైడ్రోజన్‌కు వాటి కరెంటునే కేటాయించి, ఎంత కరెంటుకు ఎంత మిథనాల్ వచ్చిందో నెలనెలా ప్రకటిస్తే, అది దేశానికంతటికీ పాఠంగా ఉపయోగపడుతుంది. ఫలితం ఆశించినంత బాగా లేకపోయినా సరే, ప్రకటించాలి.

మరో ఇబ్బందిని కూడా మన పాలకులు పట్టించుకోవాలి. ఎమైన్ ద్రావణానికి గంధకం పడదు. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ దాంతో విడదీయరాని విధంగా కలిసిపోయి, ఖరీదైన ద్రావణాన్ని వ్యర్థం చేస్తుంది. కాబట్టి కార్బన్‌ను పట్టే ముందు గంధకాన్ని తీసివేయాలి. అలాంటిది 2025 జులైలో కేంద్ర పర్యావరణ శాఖ అత్యధిక భాగం బొగ్గు కేంద్రాలను గంధకం తొలగించే యంత్రాల నిబంధన నుంచి మినహాయించింది. ఒక చేత్తో ఆ మినహాయింపు ఇచ్చి, మరో చేత్తో కార్బన్ పట్టడానికి నిధులు ఇస్తే, ఆ నిధులు ఏ కేంద్రాల్లో ఖర్చవుతాయన్న సందేహం నాలాంటివారికి కలగకుండా ఎలా ఉంటుంది?

ఇక మన తీరానికి వస్తాను. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్తు వంటివాటితో నీటి నుంచి తీసేది) కేంద్రానికి ప్రధానమంత్రి 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దాని నుంచి హరిత మిథనాల్, హరిత యూరియా, విమాన ఇంధనం వంటివి రోజుకు 7,500 టన్నులు, అవి కూడా ప్రధానంగా ఎగుమతికి, అన్నది అప్పట్లో ప్రకటించిన ప్రణాళిక. ఈ మూడు సరుకుల్లోనూ కార్బన్ ఉంది. నీటి నుంచి తీసిన హైడ్రోజన్‌లో కార్బన్ లేదు. సహజవాయువుతో నడిచే పాత ఎరువుల కర్మాగారానికి కార్బన్ డయాక్సైడ్ తన ఇంట్లోనే పుట్టేది. హరిత అమ్మోనియాతో యూరియా చేయదలచినవారు దాన్ని బయటి నుంచి తెచ్చుకోక తప్పదు. ఒక టన్ను యూరియాకు 730 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న రామగుండం కర్మాగారం లాంటిదానికైతే ఏడాదికి తొమ్మిది లక్షల టన్నులకు మించి అవసరం. పూడిమడకకు ఈ వాయువు ఎక్కడి నుంచి వస్తుంది? పరవాడలోని సింహాద్రి విద్యుత్ కేంద్రం నుంచా, విశాఖ ఉక్కు కర్మాగారం నుంచా, హెచ్‌పీసీఎల్ శుద్ధి కర్మాగారం నుంచా? మూడూ ఒకే ప్రాంతంలో ఉండడం అరుదైన అవకాశం. ఎవరి పొగను ఎంత శుభ్రం చేసి ఎవరు ఇవ్వాలి, గొట్టపు మార్గం ఖర్చు ఎవరు భరించాలి, ఒకరు మరమ్మతులకు ఆగినప్పుడు రెండోవారికి వాయువు ఎవరు సరఫరా చేయాలి అన్నవి ఇప్పుడే, నిర్మాణానికి ముందే, అందరూ కలిసి తేల్చుకోవలసిన విషయాలు. విడివిడిగా తలా ఒక ప్లాంటు కట్టుకుని, ఆ తర్వాత సహకారం గురించి ఆలోచిస్తే గొట్టాలు కలవవు.

ఇక్కడే లెక్క అడగవలసిన చోటు ఉంది. రైతు పొలంలో చల్లిన యూరియా కొద్ది రోజుల్లోనే విడిపోయి, అందులోని కార్బన్ డయాక్సైడ్ తిరిగి గాలిలో కలుస్తుంది. మిథనాల్‌ను మండించినా అంతే. అంటే సింహాద్రి పొగ నుంచి పట్టిన కార్బన్ యూరియా బస్తాలో ఎక్కి, కోనసీమ వరిచేలో దిగి, మళ్ళీ ఆకాశం చేరుతుంది. దీనివల్ల ప్రయోజనం లేదని నేను అనడం లేదు. అంత మేరకు సహజవాయువు వాడకం తగ్గితే అదే ప్రయోజనం. కానీ ఆ ప్రయోజనం ఒక్కసారే లెక్కకు రావాలి. విద్యుత్ కేంద్రం తాను ఇన్ని టన్నులు పట్టానని ప్రకటించుకుని, ఎరువుల సంస్థ తన యూరియా కార్బన్ లేనిదని అమ్ముకుని, రెండూ విడివిడిగా కార్బన్ క్రెడిట్లు (తగ్గించిన ఉద్గారాలకు దక్కే, అమ్ముకోదగిన ధ్రువపత్రాలు) కోరితే, ఒకే టన్నుకు ఇద్దరు యజమానులవుతారు. దేశంలో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని 2023లో నోటిఫై చేశారు. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం వంటి కొన్ని రంగాలకు ఉద్గారాల లక్ష్యాలు కూడా విధించారు. పట్టిన కార్బన్ ఒక సంస్థ నుంచి మరో సంస్థకు చేతులు మారినప్పుడు ఆ టన్ను ఎవరి ఖాతాలో పడాలో స్పష్టంగా తేల్చే నిబంధన లేకుండా ఇలాంటి ఒప్పందాలు ముందుకు పోవడం మంచిది కాదు. నా వరకు, వస్తువు వాడకంలో తిరిగి గాలిలో కలిసే కార్బన్‌ను పట్టినట్టుగా చూపించే అనుమతే ఎవరికీ ఇవ్వకూడదు.

ఎగుమతి చేయదలచినవారికి ఇది నైతిక ప్రశ్న మాత్రమే అనుకుంటే పొరపాటు. ఐరోపా సమాఖ్య ఈ తేడాను ఇప్పటికే చట్టంలో రాసుకుంది. వస్తువుల్లో వాడిన కార్బన్ విషయంలో, నిర్మాణ సామగ్రిలో ఖనిజంగా శాశ్వతంగా బంధించినదాన్నే అక్కడ వదలనిదానిగా పరిగణిస్తారు. హైడ్రోజన్‌తో చేసే కృత్రిమ ఇంధనాల విషయంలోనూ, బొగ్గు వంటి ఇంధనాలతో కరెంటు తీసే కేంద్రాల కార్బన్‌తో చేసినవాటికి 2036 నుంచి, ఇతర పరిశ్రమల శిలాజ కార్బన్‌తో చేసినవాటికి 2041 నుంచి గుర్తింపు ఉండదు. ఆ గడువులోపు కూడా ఆ కార్బన్ మీద సరైన ధర విధించి ఉండాలన్నది షరతు. పాతికేళ్ళు నడపాలని కట్టే ప్లాంటుకు పదేళ్ళకే మార్కెట్ మూసుకుపోయే ప్రమాదం ఇది. మొలాసిస్ (చక్కెర మిల్లుల మడ్డి), ధాన్యం పులియబెట్టి ఇథనాల్ తీసే డిస్టిలరీల్లో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌కు ఇలాంటి చిక్కు లేదు. అది మొక్క గాలిలోంచి తీసుకున్నదే, పైగా దాదాపు స్వచ్ఛంగా వస్తుంది కాబట్టి పట్టడానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు. ఒక లీటరు ఇథనాల్‌కు సుమారు 750 గ్రాములు వెలువడుతుంది. కొంత శీతల పానీయాలకు, డ్రై ఐస్‌కు పోతుంది. మిగిలినది చాలాచోట్ల వృథా అవుతుంది. పూడిమడక ప్రాజెక్టువారు బొగ్గు కేంద్రాల కంటే ముందు ఈ డిస్టిలరీల తలుపు తట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఆశ పెట్టుకోవలసిన రంగం సిమెంటు అని నా అభిప్రాయం. విద్యుత్తుకు బొగ్గు బదులు సూర్యుడున్నాడు, గాలి ఉంది. సిమెంటుకు సున్నపురాయి తప్పదు. ఒక టన్ను స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో కాలిస్తే 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ రాయిలోంచే బయటికి వస్తుంది. సిమెంటు పరిశ్రమ ఉద్గారాల్లో ఇంచుమించు 60 శాతం ఇలా రాయి నుంచి వచ్చేదే, ఇంధనం మార్చినంత మాత్రాన పోనిదే. తాడిపత్రి, ఎర్రగుంట్ల, నంద్యాల, జగ్గయ్యపేట, దాచేపల్లి, హుజూర్‌నగర్, మేళ్ళచెరువు, తాండూరు అంటూ చెప్పుకుంటూ పోతే మన రెండు రాష్ట్రాల సున్నపురాయి నేలలన్నీ బట్టీలే. బట్టీ పొగలో కార్బన్ డయాక్సైడ్ శాతం బొగ్గు కేంద్రం పొగలో కన్నా దాదాపు రెట్టింపు ఉంటుంది కాబట్టి పట్టడం కూడా కొంత తేలిక.

కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ 2025 మే నెలలో సిమెంటు రంగంలో అయిదు ప్రయోగ కేంద్రాలను ప్రకటించింది. ప్రతి ఒక్కదానిలోనూ ఒక పరిశ్రమ, విద్యా లేదా పరిశోధన సంస్థలు భాగస్వాములు. వాటిలో ఒకదానిలో మన ఐఐటీ తిరుపతి, బెంగళూరు ఐఐఎస్‌సీ, డెహ్రాడూన్‌లోని పెట్రోలియం పరిశోధన సంస్థ, జేఎస్‌డబ్ల్యూ సిమెంటు కలిసి పనిచేస్తున్నాయి. ద్రావణం, ఆవిరి వాడకుండా, ఘన పదార్థపు గుళికల మీద కార్బన్ డయాక్సైడ్‌ను అంటుకునేలా చేసి, ఆ తర్వాత శూన్యం సృష్టించి దాన్ని లాగేసే పద్ధతిని వారు పరీక్షిస్తున్నారు. అలా పట్టినదాన్ని నిర్మాణ సామగ్రిలో చేర్చడం వారి ఉద్దేశం. ఆవిరి అక్కరలేదన్నది నాకు నచ్చిన విషయం. ద్రావణం పద్ధతిలో ఖర్చులో సింహభాగం ఆవిరిదే, సిమెంటు కర్మాగారంలో మిగులు ఆవిరి దొరకదు, రాయలసీమలో నీరూ కష్టమే. గుళికల పద్ధతికి కరెంటు చాలు. అయితే బట్టీ దుమ్ము, తేమ గుళికలను ఎన్నాళ్ళు బతకనిస్తాయో చూడాలి. జేఎస్‌డబ్ల్యూకు నంద్యాల జిల్లాలోనూ కర్మాగారం ఉంది కాబట్టి, ఈ ప్రయోగం ఫలిస్తే సీమలో వేళ్ళూనుకునే అవకాశం కనిపిస్తోంది.

పట్టిన కార్బన్‌ను ఇటుకల్లో, దిమ్మెల్లో బంధించడం వెనుకనున్న రసాయన శాస్త్రం మన పెద్దలు ఎరిగినదే. సున్నం వేసిన గోడ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడ్డట్టే, ఉక్కు కర్మాగారంలో లోహం తీశాక మిగిలే స్లాగులోనూ, కొన్ని రకాల బూడిదలోనూ ఉన్న కాల్షియం ఆ వాయువును పట్టుకుని తిరిగి రాయి అవుతుంది. మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ నింపి దిమ్మెలను ఆరబెడితే, గోడకు ఏళ్ళు పట్టే పని గంటల్లో జరుగుతుంది, సిమెంటు కూడా కొంత తగ్గించుకోవచ్చు. వందల ఏళ్ళు చెక్కుచెదరని బంధం అది. కాకపోతే ఒక జాగ్రత్త అవసరం. ఇలా కార్బన్ చేరిన కాంక్రీటులో క్షార గుణం తగ్గి, లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి స్లాబులకూ, స్తంభాలకూ తొందరపడకూడదు. చువ్వలు లేని గోడ దిమ్మెలు, కాలిబాట పలకలు, రోడ్డు అంచు రాళ్ళు దీనికి అనువైనవి. వీటిని చేసేది మన దగ్గర ఎక్కువగా చిన్న చిన్న యూనిట్లు. విద్యుత్ కేంద్రాల చుట్టుపక్కల బూడిద ఇటుకల మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. గాలి చొరబడని గదిని, వాయువు సిలిండర్లను అవి విడివిడిగా కొనలేవు. సిమెంటు సంస్థలు గేటు పక్కనే ఉమ్మడి గదులు కట్టి చిన్న యూనిట్లకు అద్దెకిస్తే, ఆ వాయువుకు దూరం పంపే ఖర్చు ఉండదు, వీరికీ కొత్త సరుకు దొరుకుతుంది.

కొనేవారు లేకపోతే మాత్రం ఇదంతా నిలబడదు. మొదటి కొనుగోలుదారు ప్రభుత్వమే కావాలి. రోడ్లు, భవనాల శాఖ, పంచాయతీరాజ్ శాఖ అంచనాలు వేసే ఎస్‌ఎస్‌ఆర్ ధరల పట్టికలో లేని సరుకును ఏ కాంట్రాక్టరూ ముట్టుకోడని పనులు చేయించినవారందరికీ తెలుసు. బలం పరీక్షలు నెగ్గిన ఇలాంటి దిమ్మెలకు ఆ పట్టికలో ఒక వరుస కేటాయించి, అమరావతి నిర్మాణంలోనూ, తెలంగాణ పట్టణాల కాలిబాటల్లోనూ కొంత భాగం వీటితోనే వేయాలని నిర్దేశిస్తే, కోట్ల రూపాయల రాయితీ కన్నా అది ఎక్కువ ఉపకరిస్తుంది.

భద్రత గురించి చెప్పకుండా ముగించలేను. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. గాలి కన్నా బరువైనది కాబట్టి పల్లంలోకి పాకి నిలుస్తుంది. 2020 ఫిబ్రవరి 22న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో సటార్షియా అనే చిన్న ఊరి దగ్గర, వర్షాలకు నేల జారి, ఈ వాయువును తీసుకెళ్ళే గొట్టం పగిలింది. 45 మంది ఆసుపత్రి పాలయ్యారు, దాదాపు 200 మందిని ఖాళీ చేయించారు. ఆక్సిజన్ లేక కార్లు సైతం ఆగిపోయాయి. అదే ఏడాది మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్ళ మీదకు వచ్చి 12 మందిని బలి తీసుకున్న సంగతి మనం మరచిపోలేదు. పరవాడ నుంచి పూడిమడక దాకా గొట్టం వేసే రోజే వస్తే, అది ఏ ఊళ్ళ మీదుగా పోతుందో, ఏ పల్లంలో హెచ్చరిక సైరన్లు పెడతారో, ఏ ఆసుపత్రిలో ఎన్ని ఆక్సిజన్ పడకలు సిద్ధంగా ఉంటాయో ఆ మత్స్యకార గ్రామాల ప్రజలకు ముందుగా, తెలుగులో, సభ పెట్టి చెప్పాలి. ఒప్పందం మీద సంతకాలు చేసే సంస్థల జాబితాలో వారి పేరు ఉండదు కానీ, ప్రమాదంలో మొదటి వాటా వారిదే.

ప్రజాధనం అందుకునే ప్రతి భాగస్వామ్యమూ నాలుగు మాటలు బహిరంగంగా చెప్పి తీరాలన్న షరతును ఆ 20,000 కోట్లకు జోడించాలని నా విన్నపం. కార్బన్ ఎవరి పొగలోది, దాన్ని మార్చడానికి వాడిన కరెంటు ఏ గంటకు ఎక్కడి నుంచి వచ్చింది, తయారైన వస్తువులో ఆ కార్బన్ ఎన్నాళ్ళు ఉంటుంది, క్రెడిట్ ఎవరి ఖాతాలో పడింది. ప్రజల డబ్బుతో పుట్టిన ఫలితాలను, విఫలమైన ప్రయోగాలతో సహా, హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ మొదలు జిల్లాలోని పాలిటెక్నిక్ దాకా అందరూ చదువుకునేలా ఉంచాలి. అలాగే, పట్టే యంత్రం బిగించామన్న సాకుతో కాలం చెల్లిన బొగ్గు యూనిట్ల ఆయువు పెంచబోమని రాష్ట్రాల విద్యుత్ సంస్థలు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

దీనికి కొత్త వ్యవస్థ కూడా అక్కరలేదు. అధిక కాలుష్య పరిశ్రమల పొగగొట్టాలకు ఇప్పటికే నిరంతర పర్యవేక్షణ పరికరాలు బిగించి ఉన్నాయి. దుమ్ము, గంధకం, నైట్రోజన్ ఆక్సైడ్ల రీడింగులు కాలుష్య నియంత్రణ మండళ్ళకు ఆన్‌లైన్‌లో చేరుతున్నాయి. కార్బన్ పట్టే ప్లాంటు ఉన్న ప్రతి చోటా అబ్జార్బర్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి, వెంట్ గొట్టం మీద మరొకటి చొప్పున కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటర్లు పెట్టించి, ఆ మూడు అంకెలనూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండళ్ళు తమ వెబ్‌సైట్లలో రోజువారీగా ప్రజలకు చూపించాలని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

భవదీయ,
విశ్రాంత ఎరువుల కర్మాగార ఇంజినీరు,
హనుమకొండ